సిరియస్ బ్లాక్ ఎంక్వైరీ: మినిస్ట్రీ రెండో అంతస్తులో ఆ ఫైలు ఏ ఆఫీసు తెరవాలి?

గుమ్మడి_రసం
హ్యారీ పాటర్ ఆరో పుస్తకం మొదటి అధ్యాయంలో, మంత్ర మంత్రి పదవి పోయిన ఫడ్జ్ మగుల్ (మంత్రం తెలియని) ప్రధానితో ఒక ముక్క అనేసి వెళ్ళిపోతాడు: సిరియస్ బ్లాక్ చనిపోయాడు, అతను నిర్దోషి అని తేలింది, ఎంక్వైరీ ఉంటుంది అని. ఆ తర్వాత ఆ ఎంక్వైరీ ఊసే లేదు. స్నేహితుడు పీటర్‌నీ పన్నెండు మంది మగుళ్ళనీ చంపాడన్న నిందతో పన్నెండేళ్ళు డిమెంటర్ల (సంతోషాన్ని పీల్చేసే జైలు కాపలాదార్ల) మధ్య కూర్చోబెట్టిన మనిషి గురించి శాఖకు అంతకంటే చెప్పాల్సింది లేదా? నేను రాస్తున్న కథ ఆ ఎంక్వైరీ మీదే. డైలాగులు నేను చూసుకుంటా, నాకు కావలసింది పని జరిగే తీరు. మంత్ర చట్ట అమలు శాఖలో ఫైలు ఎవరి బల్ల మీద మొదలవుతుంది, సంతకం ఎవరిది, 1996 నాటికి ఏ రుజువులు మిగిలున్నాయి, సాక్షులుగా ఎవరిని పిలవొచ్చు? సినిమాలు వదిలేయండి, పుస్తకాల్లో ఉన్నదే చెప్పండి.

రెండో_అంతస్తు
బల్ల సంగతి తేలిక, పుస్తకంలోనే కనిపిస్తుంది. లిఫ్ట్ దిగాక తలుపుల వరుస ఉన్న కారిడార్, మలుపు తిరిగితే బరువైన ఓక్ తలుపులు, వాటి వెనక గదులుగా విడగొట్టిన పెద్ద హాలు. అదే ఆరర్ల (చీకటి మాంత్రికులను పట్టుకునే అధికారుల) కార్యాలయం. అక్కడ సిరియస్‌ని వెతికే పని అప్పగించిన ఆరర్ కింగ్స్‌లీ గది గోడలంతా సిరియస్సే: పేపర్ కటింగులు, పాటర్ల పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకుగా నిలబడ్డ ఫోటో. సిరియస్ లేని చోటు ఒక్కటే, ఎర్ర గుండుసూదులు గుచ్చిన ప్రపంచ పటం. 1995 నాటికి ఆ కేసు కాగితాలు చేరేది ఆ గదికే.

అదే అంతస్తులో ఇంకో జత ఓక్ తలుపులు దాటి, రెండు మలుపులు తిరిగి, కారిడార్ చివర చీపుర్ల అలమర పక్కన ఆర్థర్ వీస్లీ ఆఫీసు. మగుల్ వస్తువుల దుర్వినియోగం చూసే విభాగం, ఇద్దరే మనుషులు, కిటికీ లేదు. విజెన్‌గమోట్ (మాంత్రికుల ఉన్నత న్యాయస్థానం) పాలనా సేవల విభాగం, మంత్ర దుర్వినియోగ కార్యాలయం కూడా ఈ అంతస్తే. సమన్లు పంపాలంటే గదులు మారక్కర్లేదు, లేత ఊదా రంగు కాగితపు విమానం వదిలితే చాలు. గుడ్లగూబలు రెట్టలు వేస్తున్నాయని వాటిని మాన్పించి ఇవి పెట్టారు.

అల్లరి_పిశాచం
అంటే సిరియస్‌ని వెతికే ఆఫీసర్ గది, సిరియస్ దాక్కున్న ఇంటికి వచ్చిపోయే మనిషి గది, రెండూ ఒకటే 😀

రెండో_అంతస్తు
అదే మొదటి చిక్కు. ఆర్డర్ (చీకటి మాంత్రికుడు వోల్డెమార్ట్‌ని ఎదిరించే డంబుల్‌డోర్ రహస్య బృందం) మనిషి అయిన కింగ్స్‌లీ సిరియస్ టిబెట్‌లో ఉన్నాడని మినిస్ట్రీకి సమాచారం ఇస్తూ వచ్చాడు. తప్పుడు సమాచారం ఇచ్చిన అధికారే ఎంక్వైరీ అధికారి అయితే ఆ నివేదిక నిలబడదు. అతను ఆ ఎంక్వైరీలో సాక్షి అవుతాడు. విచారణ అధికారి వేరేవాళ్ళు కావాలి.

కాగితాల_కట్ట
@గుమ్మడి_రసం నీ కథకు ముందు ఒక ప్రశ్న తేల్చుకో. ఎంక్వైరీ దేన్ని రద్దు చేస్తుంది?

తీర్పు ఉంటే అప్పీలు ఉంటుంది. సిరియస్‌కి తీర్పే లేదు. క్రౌచ్ శాఖాధిపతిగా ఉన్నప్పుడు విచారణ లేకుండా నేరుగా అజ్కబాన్ జైలుకి పంపాడు. ఫైల్లో అరెస్టు కాగితం ఉంటుంది, జైలుకు అప్పగించిన కాగితం ఉంటుంది. రెండింటికీ మధ్య ఉండాల్సిన అభియోగం, వాంగ్మూలం, ఓటింగ్, ఏమీ ఉండవు. రద్దు చేయడానికి ఏమీ లేని కేసు ఇది. కాబట్టి నీ ఎంక్వైరీ నిజానికి చనిపోయిన మనిషికి మొదటి విచారణ అవుతుంది. దానికి విజెన్‌గమోట్ కూర్చోవాలి, శాఖ ఒక్కటే చేసే పని కాదు.

తొమ్మిది_ముప్పావు
యుద్ధకాలం అండీ. వీధి మధ్యలో పన్నెండు మంది మగుళ్ళు పోయారు, పీటర్ వేలొక్కటే దొరికింది, మనిషి నవ్వుతూ నిలబడ్డాడు. ఆ రోజుల్లో అనుమానితుల మీద క్షమించరాని శాపాలు వాడటానికి ఆరర్లకు క్రౌచే అధికారం ఇచ్చాడు, పట్టుకునే బదులు చంపడానికి కూడా. అలాంటి చోట విచారణకు తీరిక ఎక్కడిది?

కాగితాల_కట్ట
తీరిక లేదన్న మాట ఒప్పుకోను. వోల్డెమార్ట్ అనుచరుడు కర్కరోఫ్‌ని అజ్కబాన్ నుంచి తెప్పించి కూర్చోబెట్టి పేర్లు చెప్పించుకున్నారు. బాగ్‌మన్‌కి విచారణ జరిగింది, చేతులెత్తమంటే ఎవరూ ఎత్తలేదు, విడుదలయ్యాడు. లాంగ్‌బాటమ్ దంపతులను హింసించిన నలుగురికి విచారణ జరిగింది. ఆ నలుగురిలో క్రౌచ్ సొంత కొడుకున్నాడు! అదంతా అదే శాఖ, అదే అధిపతి. నేల కింద ఆ గదులు, సంకెళ్ళ కుర్చీ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. సిరియస్ విషయంలో తీరిక లేక కాదు, అవసరం లేదనుకున్నారు.

తొమ్మిది_ముప్పావు
సరే, ఆ కొడుకు సంగతి నాకు తట్టలేదు. వెనక్కి తీసుకుంటున్నా.

మూడో_దండం
అరెస్టు ఎవరు చేశారన్నది కూడా సరిగ్గా రాయండి, చాలా కథల్లో ఆరర్లు అని రాస్తున్నారు. ఆరర్లు చీకటి మాంత్రికుల మీద పనిచేసేవాళ్ళు. రోజువారీ అరెస్టులు, బందోబస్తు గస్తీ దళానివి. హిట్ విజార్డులు అంటే మొండి కేసులకు పంపే శిక్షణ పొందినవాళ్ళు. సిరియస్‌ని తీసుకెళ్ళింది గస్తీ దళంవాళ్ళు ఇరవై మంది అని ఫడ్జే మూడో పుస్తకంలో చెబుతాడు. అలాంటివాడికి ఎదురు నిలవాలంటే శిక్షణ ఉన్న హిట్ విజార్డులే కావాలి, పీటర్ వల్ల ఏమవుతుంది అని కూడా అతని మాటే. ఆ రోజు ఫడ్జ్ ఈ శాఖ మనిషి కాదు, మంత్ర విపత్తుల శాఖలో జూనియర్ మంత్రి. ఘటనా స్థలానికి ముందుగా చేరినవాళ్ళలో ఒకడు. అంటే నీ ఎంక్వైరీకి మొదటి సాక్షి ఫడ్జే.

వెన్నెల_చూపు
ఫడ్జ్ వాంగ్మూలంలో అసలు దెబ్బ ఇంకోటుంది. వీధిలో చూసినవాళ్ళు మగుళ్ళు. పీటర్ ఏడుస్తూ సిరియస్‌ని నిలదీయడం వాళ్ళే చెప్పారు, తర్వాత వాళ్ళ జ్ఞాపకాలు తుడిచేశాం అని ఫడ్జ్ తేలిగ్గా చెప్పేస్తాడు. గోప్యతా చట్టం ప్రకారం అది రివాజు. కానీ నేర విచారణ దృష్టితో చూస్తే, పంచనామా అవ్వకముందే ప్రత్యక్ష సాక్షులందరినీ పోగొట్టుకున్నారు. ఎవరు మంత్రం వేశారో, దండం ఎవరి చేతిలో ఎటువైపు ఉందో మళ్ళీ అడగడానికి మనిషి లేడు. పీటర్ దండాన్ని వీపు వెనక పట్టుకుని పేల్చాడని సిరియస్ చెబుతాడు. దాన్ని అవుననో కాదనో చెప్పగలిగిన కళ్ళు ఆ వీధిలోవే.

తుడిచినదాన్ని వెనక్కి తేలేమా అంటే, తేవచ్చు, కానీ వోల్డెమార్ట్ చేతిలో పడ్డ మినిస్ట్రీ ఉద్యోగి బెర్తా జోర్కిన్స్‌కి ఏమైందో తెలుసు కదా. మరపు మంత్రాన్ని బద్దలు కొట్టేసరికి ఆమె మనసు, ఒళ్ళు బాగుచేయలేనంత దెబ్బతిన్నాయి. ఏ న్యాయస్థానమూ ఆ పని చేయించకూడదు.

గుమ్మడి_రసం
@వెన్నెల_చూపు ఇది నేను అసలు ఆలోచించలేదు. మరి దండం? సిరియస్ దండాన్ని పరీక్షిస్తే ఆఖరి మంత్రం తెలిసిపోయేది కదా. ప్రయర్ ఇంకాంటాటో ఉందిగా.

మూడో_దండం
ఉంది. రెండు దండాల కొసలు ఆనించి మంత్రం చెబితే, పరీక్షించే దండం వేసిన ఆఖరి మంత్రం తాలూకు నీడ బయటికొస్తుంది. క్విడిచ్ ప్రపంచ కప్ రాత్రి మినిస్ట్రీ అధికారి ఏమస్ డిగరీ చేసింది అదే. సిరియస్ దండానికి చేసినట్టు ఎక్కడా లేదు. అదే రోజు చేసుంటే కేసు అక్కడే తిరగబడేది, ఎందుకంటే వీధిని పేల్చింది పీటర్ దండం.

కానీ ఎంక్వైరీలో దాన్ని బ్రహ్మాస్త్రంలా వాడకు. దండం నిజమే చెబుతుంది, అది ఎవరి చేతిలో ఉందో మాత్రం చెప్పదు. ప్రపంచ కప్ రాత్రి దండం హ్యారీది, దొరికింది క్రౌచ్ ఇంటి ఎల్ఫ్ (సేవకురాలు) వింకీ దగ్గర, ఆకాశంలో వోల్డెమార్ట్ గుర్తు వేసింది క్రౌచ్ కొడుకు.

కాగితాల_కట్ట
మార్ఫిన్ గాంట్ కేసు దీనికంటే పెద్ద ఉదాహరణ, ఈ శాఖ అలవాటు అందులో తేటగా కనిపిస్తుంది. రిడిల్ కుటుంబం ముగ్గురూ ఒంటి మీద గాయం లేకుండా చనిపోయారు. మగుల్ పోలీసులకు అంతు చిక్కలేదు గానీ అది ప్రాణాంతక శాపమని మినిస్ట్రీకి వెంటనే తెలిసింది. లోయకు అవతల మగుళ్ళంటే పడని, పాత శిక్ష ఉన్న మార్ఫిన్ ఉన్నాడు. వెళ్ళారు, అతనే చేశానన్నాడు, హంతకుడికి మాత్రమే తెలిసే వివరాలు చెప్పాడు, దండం పరీక్షిస్తే సరిపోయింది. వెరిటాసెరమ్ (నిజం చెప్పించే కషాయం) వాడలేదు, లెజిలిమెన్సీ (మనసు చదివే విద్య) వాడలేదు. ఒప్పుకున్నాడు కదా అని మూసేశారు. ఆ జ్ఞాపకం పదహారేళ్ళ టామ్ రిడిల్ (తర్వాతి వోల్డెమార్ట్) అతని బుర్రలో పెట్టినది.

తర్వాత హెప్జిబా స్మిత్ చనిపోతే, కోకోలో పొరపాటున విషం కలిపానని ముసలి ఎల్ఫ్ హోకీ ఒప్పుకుంది. అదీ పెట్టిన జ్ఞాపకమే. మళ్ళీ అంతే, ఎల్ఫ్ కాబట్టి ఎవరూ తరచి చూడలేదు. మనిషి ఎలాంటివాడో ముందే అనుకుంటారు, రుజువు దానికి అతికితే ఆగిపోతారు. సిరియస్‌దీ అదే వరస: బ్లాక్ వంశం, నవ్వుతున్నాడు, ఇంకేం కావాలి.

అల్లరి_పిశాచం
ట్రేస్ (పదిహేడేళ్ళలోపు వాళ్ళ చుట్టూ పడ్డ మంత్రాన్ని పట్టే నిఘా) సంగతేంటి మరి? రిడిల్‌కి పదిహేడు నిండలేదు, చుట్టుపక్కల మంత్రం పడితే దొరికిపోవాలిగా

వెన్నెల_చూపు
ట్రేస్ మంత్రం పడిన చోటు చెబుతుంది, వేసిన మనిషిని చెప్పదు. మార్ఫిన్ పెద్దవాడు, మాంత్రికుడు, ఆ చుట్టుపక్కలే ఉన్నాడు, అతని ఖాతాలో రాసేశారు. 1992లో ఎల్ఫ్ డాబీ మంత్రం హ్యారీ ఖాతాలో పడింది కూడా ఇందుకే. రాత్రి 9 గంటల 12 నిమిషాలకు తేలుడు మంత్రం వాడారు అని నిమిషంతో సహా ఉత్తరం వచ్చింది, చేసినవాడు మాత్రం తప్పు.

రెండో_అంతస్తు
ట్రేస్ పక్కన పెడదాం, సిరియస్‌కి వర్తించదు. విచారణ ఎలా నడుస్తుందో కావాలంటే 1995 ఆగస్టు 12న, డిమెంటర్ల మీద మంత్రం వాడినందుకు హ్యారీ మీద జరిగిన విచారణే నమూనా, అంత వివరంగా ఇంకెక్కడా లేదు.

విచారించేవాళ్ళు ముగ్గురు: ఫడ్జ్, ఈ శాఖ అధిపతి అమీలియా బోన్స్, అంబ్రిడ్జ్. రాసుకునేది పెర్సీ. అభియోగాలు రెండు, 1875 నాటి మైనర్ల మంత్ర నియంత్రణ డిక్రీలో పేరా సి, గోప్యతా చట్టంలో సెక్షన్ 13. సాక్షిని తెచ్చుకునే హక్కు విజెన్‌గమోట్ హక్కుల పత్రంలో ఉంది. ప్రాణాపాయంలో మంత్రం వాడొచ్చని డిక్రీలో ఏడో క్లాజ్ ఉంది. చివర చేతులెత్తి ఓటు. మామూలుగా అయితే ఇది బోన్స్ గదిలో ముగిసే పని. దాన్ని గంట ముందుకు జరిపి పదో నంబరు కోర్టుకి మార్చారు. అక్కడికి లిఫ్ట్ పోదు, తొమ్మిదో అంతస్తులో దిగి మెట్లు దిగాలి.

ఇంకో సంగతి, నీ కథకు పనికొస్తుంది. హ్యారీకి వచ్చిన మొదటి ఉత్తరంలో స్కూలు నుంచి బహిష్కరణ, దండం విరగ్గొట్టడానికి మనుషులు వస్తున్నారు అని ఉంది. ఇరవై రెండు నిమిషాల తర్వాత దాన్ని సవరిస్తూ ఇంకో ఉత్తరం. ఎందుకంటే ఆ రెండు అధికారాలూ మినిస్ట్రీకి లేవు: బహిష్కరించడం స్కూలు పని, నేరం రుజువయ్యేదాకా దండం తీసుకోకూడదు. డంబుల్‌డోర్ వెళ్ళి గుర్తుచేస్తే గానీ ఆగలేదు. ఈ శాఖలో చట్టం బాగానే ఉంది. దాన్ని చదివి వినిపించే మనిషి పక్కన లేకపోతే అది పనిచేయదు.

వెన్నెల_చూపు
పై పోస్టులో సాక్షి అన్నారు కాబట్టి, హ్యారీ తరఫు సాక్షి ఫిగ్ గారి వాంగ్మూలం మళ్ళీ చదవండి. స్క్విబ్‌లకు (మాంత్రికుల ఇంట పుట్టినా మంత్రం రానివాళ్ళకు) డిమెంటర్లు కనిపిస్తాయా అని ఫడ్జ్ అడ్డు తగులుతాడు. ఆవిడ చూశానంటూ చెప్పిన ఆకారం ఎవరినీ నమ్మించలేదు. చలి వేసిందని, లోకంలో సంతోషమంతా పోయినట్టయిందని తడబడుతూ చెప్పినప్పుడే బోన్స్ కళ్ళు కాస్త పెద్దవయ్యాయి. దాడి ప్రభావాన్ని సరిగ్గా చెప్పింది అని బోన్స్ తీసుకుంది. సాక్షి ఏం చూసిందన్నదాని కంటే ఒంటికి ఏం తెలిసిందన్నదాన్ని పట్టుకున్న విచారణ అధికారి ఈ పుస్తకాలన్నిట్లో ఆవిడ ఒక్కతే. మీ ఎంక్వైరీకి అలాంటి మనిషి కావాలి.

తొమ్మిది_ముప్పావు
కానీ బోన్స్ లేరు కదా. 1996 వేసవిలో, ఫడ్జ్ ఆ ప్రధానిని కలవడానికి ముందే ఆమెను చంపేశారు, లోపల నుంచి తాళం వేసిన గదిలో. ఎంక్వైరీ ప్రకటించేనాటికి అధిపతి కుర్చీ ఖాళీ. ఏడో పుస్తకం మొదట్లో ఆ కుర్చీలో కనిపించేది థిక్‌నెస్, అప్పటికే ఇంపీరియస్ (మనిషిని చెప్పినట్టు ఆడించే శాపం) కింద. మధ్యలో ఎవరున్నారో పుస్తకాల్లో లేదు, అక్కడ నీ పాత్రను పెట్టుకోవచ్చు. ఆరర్ల కార్యాలయానికి మాత్రం పేరుంది: స్క్రిమ్‌జర్ మంత్రి అయ్యాక గావైన్ రోబార్డ్స్.

గుమ్మడి_రసం
విచారణ అధికారిగా ఆరర్ విలియమ్సన్ ఎలా ఉంటాడు? ఎర్ర దుస్తులు, పిలక. సిరియస్ చనిపోయిన రాత్రి మినిస్ట్రీ హాల్లో వోల్డెమార్ట్‌ని కళ్ళారా చూశానని ఫడ్జ్‌తో అన్నవాడు. ఆర్డర్ మనిషి కాదు.

రెండో_అంతస్తు
బాగుంటాడు. రెండు వైపులా చుట్టరికం లేదు, డాలిష్‌లా పైవాళ్ళు చెప్పింది చేసే మనిషిలానూ కనిపించడు. నేనైతే సంతకం రోబార్డ్స్‌తో పెట్టించి పని విలియమ్సన్‌కి ఇస్తా.

మూడో_దండం
ఇప్పుడు సాక్షులు. సిరియస్ పాత స్నేహితుడు లూపిన్ ఉన్నాడు, కానీ వేర్‌ఉల్ఫ్ కాబట్టి అతని మాటకు విజెన్‌గమోట్‌లో విలువ తక్కువ. హ్యారీ, రాన్, హెర్మయనీ 1994లో చెప్పింది బుర్రను గందరగోళం చేసే కన్‌ఫండస్ మంత్రం ప్రభావమని ఫడ్జ్ కొట్టేశాడు, అది స్నేప్ వేసిన మాట. పెన్సీవ్‌లో (జ్ఞాపకాలు చూపే రాతి గిన్నెలో) జ్ఞాపకాలు పోసి చూడొచ్చు, కానీ జ్ఞాపకాన్ని మార్చగలరు. మార్చారా లేదా పట్టుకునే పద్ధతి మాత్రం ఉంది. స్లగ్‌హార్న్ తన జ్ఞాపకాన్ని దిద్దినప్పుడు మధ్యలో దట్టమైన తెల్లటి పొగమంచు కమ్మింది, గొంతు అసహజంగా పెద్దదైంది. అలాంటిదేమీ లేదని ముందు పరీక్షించి, ఆ పరీక్ష ఫలితాన్ని నివేదికలో రాయించు. ముగ్గురి జ్ఞాపకాలనూ విడివిడిగా తీసి పక్కపక్కన పెడితే బలం.

వెరిటాసెరమ్ అయితే మూడు చుక్కలు చాలు. కాయడానికి ఒక చంద్రమాసం పడుతుంది కాబట్టి కథలో తేదీలు చూసుకో. ఆక్లుమెన్సీ (మనసు మూసుకునే విద్య) బాగా వచ్చినవాడి మీద, విరుగుడు దగ్గర పెట్టుకున్నవాడి మీద నమ్మకం లేదు.

కాగితాల_కట్ట
మనుషుల మాట దాకా ఎందుకు, వస్తువులే ఉన్నాయి. ఎలుకగా మారి వీస్లీల ఇంట్లో దాక్కున్నది పీటరే, అందరూ ఆ ఎలుకను మర్చిపోతున్నారు.

1993 వేసవిలో డెయిలీ ప్రాఫెట్‌లో వీస్లీ కుటుంబం ఈజిప్ట్ ఫోటో పడింది. రాన్ భుజం మీద ఎలుక, ముందు కాలికి ఒక వేలు లేదు. ఫడ్జ్ తనిఖీకి వెళ్ళినప్పుడు తన చేతిలో పేపర్ సిరియస్‌కి ఇచ్చాడు, దాని వల్లే అతను బయటికొచ్చాడు. ఆ సంచిక పత్రిక దగ్గర ఉంటుంది, ఎవరూ తుడవలేదు.

రెండోది వయసు. మామూలు ఎలుక మూడేళ్ళకు మించి బతకదని డయాగన్ ఆలీ దుకాణంలో ఆమె చెప్పింది. ఇది ఆ ఇంట్లో పన్నెండేళ్ళుంది. రాన్ కంటే ముందు ఎవరిది? పెర్సీది! పెర్సీ 1996లో మినిస్ట్రీ ఉద్యోగి, పోయినేడు విజెన్‌గమోట్ ముందు కూర్చుని రాసుకున్నవాడు. అతను వేర్‌ఉల్ఫ్ కాదు, పిల్లవాడు కాదు, ఆర్డర్ కాదు, పైగా ఇంట్లోవాళ్ళతో తెగతెంపులు చేసుకున్నవాడు. ఎలుక ఏ ఏడు వచ్చింది, వేలు అప్పటికే లేదా, ఈ రెండు ప్రశ్నలే అడగండి. 1981 ఆఖర్లో వచ్చింది, వేలు మొదటినుంచీ లేదు అని అతని నోటి నుంచి వస్తే, పెట్టెలో దాచిన పీటర్ వేలు పక్కన ఆ ఫోటో పెట్టొచ్చు.

అల్లరి_పిశాచం
పెర్సీ సాక్షి కుర్చీలో!! ఈ సీను కోసం కథ మొత్తం చదువుతా

గుమ్మడి_రసం
@కాగితాల_కట్ట అన్నా, దండం పెడుతున్నా. ఇంకొక్కటి. సిరియస్ చనిపోయాడని కాగితం మీద ఎలా రుజువు చేయాలి? శవం లేదు, మినిస్ట్రీలో మృత్యు తోరణానికి వేలాడే తెర వెనక్కి పడిపోయాడు. చంపిన బెల్లాట్రిక్స్ పారిపోయింది.

వెన్నెల_చూపు
దానికి డంబుల్‌డోర్ చేసిన పరీక్షే ఉంది. సిరియస్ వీలునామా దొరికింది, ఆస్తంతా హ్యారీకి. కానీ బ్లాక్ వంశపు గ్రిమ్మాల్డ్ ప్లేస్ ఇల్లు రక్తసంబంధం కొద్దీ బెల్లాట్రిక్స్‌కి పోతుందేమోనన్న భయముంది. అందుకే ఆ ఇంటి ఎల్ఫ్ క్రీచర్‌ని పిలిచి హ్యారీతో ఆజ్ఞ ఇప్పించారు. హ్యారీ నోరు మూయమన్నాడు, క్రీచర్ గొంతు పట్టుకుని గింజుకున్నాడు గానీ మాట బయటికి రాలేదు. ఆజ్ఞ పనిచేసిందంటే ఇల్లు చేతులు మారింది. ఇల్లు చేతులు మారిందంటే పాత యజమాని లేడు. దీన్ని అధికారి ఎదుట మళ్ళీ చేయించి పంచనామా రాయిస్తే సరి. క్రీచర్ హాగ్వర్ట్స్ వంటగదిలో ఉంటాడు.

కింగ్స్‌లీ, టాంక్స్ ఆ గదిలో ఉన్నారు, ఇద్దరూ ఆరర్లు. వాళ్ళ వాంగ్మూలాలు విడిగా తీసుకోవాలి. సొంత శాఖ మనుషుల మాట కాబట్టి క్రీచర్ పంచనామా ముందు, అవి తర్వాత.

తొమ్మిది_ముప్పావు
తేదీ మీద ఒక హెచ్చరిక. 1997 ఆగస్టు 1న మినిస్ట్రీ వోల్డెమార్ట్ చేతిలో పడిపోతుంది. ఆ తర్వాత మినిస్ట్రీలో మగుల్ సంతతివాళ్ళ నమోదు మొదలవుతుంది, ఈ శాఖ అధిపతి కుర్చీలో యాక్స్‌లీ. ఎంక్వైరీ అప్పటికి ముగియకపోతే ఆ ఫైలు ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించండి. పీటర్ వాళ్ళ మనిషి.

కాగితాల_కట్ట
అందుకే నకలు తీయించు. ఒకటి రెండో అంతస్తులో, ఇంకోటి శాఖ బయట. మినర్వా మెక్‌గోనగల్ దగ్గర పెట్టినా చాలు.

గుమ్మడి_రసం
సరే, వరస ఇలా పెడుతున్నా, తప్పుంటే ఆపండి. రోబార్డ్స్ సంతకంతో విలియమ్సన్‌కి ఫైలు. కింగ్స్‌లీ గది గోడ మీద కాగితాలన్నీ జాబితా రాసి స్వాధీనం. ఫడ్జ్ వాంగ్మూలం, మగుళ్ళ జ్ఞాపకాల సంగతి ఒక్కటీ విడిగా. ప్రాఫెట్ సంచిక. దుకాణం ఆమె. పెర్సీ. పెన్సీవ్ ముగ్గురిదీ. క్రీచర్. ఆ తర్వాత విజెన్‌గమోట్ ముందుకు. ఖాళీ సంకెళ్ళ కుర్చీ ముందు చేతులెత్తి ఓటు.

మూడో_దండం
ప్రాఫెట్ సంచికను ఫడ్జ్ కంటే ముందు పెట్టు. ఆ పేపర్ సిరియస్ చేతికి ఎలా వెళ్ళిందని అడిగితే ఫడ్జ్ తన నోటితోనే చెప్పాలి.

గుమ్మడి_రసం
మార్చాను. మొదటి కాగితం ఫోటోనే.